టీవీలో జిమ్నాస్టిక్స్ చూస్తూ మార్కులు మీరే వేయడం ఎలా?

మారతహళ్లిలోనో, వైట్‌ఫీల్డ్‌లోనో, కేఆర్ పురంలోనో ఒలింపిక్స్ రోజుల్లో ఏ తెలుగువాళ్ల ఇంటికెళ్లినా జిమ్నాస్టిక్స్ చూసే తీరు ఒకటే. పల్టీ కొడితే "అబ్బా", పడితే "అయ్యో". తెర మీద 13.766 అని పడగానే అది ఎక్కువో తక్కువో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. బైకీ లెగ్ బైకీ తేడా చెప్పగల వాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తారు. నిజానికి ఈ లెక్క డక్‌వర్త్-లూయిస్ కన్నా చాలా సులువు. ఒక నోటుపుస్తకం, పెన్సిలు, పాత పోటీ వీడియో ఒకటి దగ్గర పెట్టుకుని కింది వరసలో వెళ్లండి.

ముందే ఒక మాట. రిబ్బన్లు, బంతులు పట్టుకుని చేసేది రిథమిక్ జిమ్నాస్టిక్స్. దాని లెక్క వేరు. ఇక్కడ చెప్పేదంతా ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్ గురించే. ఆడవాళ్లకు నాలుగు: వాల్ట్ (పరిగెత్తుకొచ్చి చేతులు ఆన్చి దూకే బల్ల), అన్‌ఈవెన్ బార్స్ (రెండు ఎత్తుల్లో ఉండే బార్లు), బీమ్ (సన్నని దూలం), ఫ్లోర్. మగవాళ్లకు ఆరు: ఫ్లోర్, పామెల్ హార్స్, రింగ్స్, వాల్ట్, ప్యారలల్ బార్స్, హారిజాంటల్ బార్.

1. కొలతలు ఒంటికి తెలిసేలా చేసుకోండి

టీవీలో అన్నీ చిన్నగా కనిపిస్తాయి, అందుకే కష్టం అర్థం కాదు. బెంగళూరులో అందరికీ తెలిసిన కొలత ముప్పై-నలభై సైటు. దాని పొడుగు 40 అడుగులు, అంటే దాదాపు 12.2 మీటర్లు. ఫ్లోర్ చదరం నాలుగు వైపులా 12 మీటర్లే. మూడు పల్టీల వరస ఒక మూల నుంచి ఎదురు మూలకు, ఆ జాగాలోనే ముగియాలి. వాల్ట్‌కు పరిగెత్తే దారి 25 మీటర్లు, అంటే ఒకదాని వెనక ఒకటి ఆపిన రెండు సిటీ బస్సులంత.

బీమ్‌కు మాత్రం పోలిక చాలదు. అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మాస్కింగ్ టేపుతో 5 మీటర్ల పొడుగు, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ ఒకటి గీయండి. దాని మీద నడవండి, చివర ఒంటికాలి మీద తిరిగి వెనక్కి రండి. అసలు బీమ్ నేల నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పట్టీ మీద పిల్లల్ని నడవనివ్వండి, పల్టీలు మాత్రం కొట్టనివ్వకండి.

కొలత ఐదు సెంటీమీటర్లు తప్పితే ఏమవుతుందో 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో తెలిసింది. ఆడవాళ్ల ఆల్ అరౌండ్ (ఒక్కరే అన్ని పరికరాల మీదా చేసే పోటీ) ఫైనల్లో 125 సెంటీమీటర్లు ఉండాల్సిన వాల్ట్‌ను 120లో బిగించారు. ప్రపంచంలో మేటి అమ్మాయిలు వరసగా తడబడ్డారు, కొందరు పడ్డారు. పోటీ సగంలో ఉండగా ఆస్ట్రేలియా అమ్మాయి అలానా స్లేటర్ అనుమానపడి చెబితేగానీ ఎవరూ కొలవలేదు. గాలిలో ఉన్నప్పుడు చూపు కన్నా అలవాటే దారి చూపిస్తుంది కాబట్టి చేతులు బల్లను వెతికే చోటు అంత మాత్రం మారినా చాలు.

2. పేజీకి మూడు గళ్లు గీయండి

మొదటి గడి డీ స్కోరు, రెండోది ఈ స్కోరు, మూడోది జరిమానాలు. తెలుగులో "ఈ స్కోరు" అంటే ఏ స్కోరని అడిగేవాళ్లు ఇంట్లో తప్పకుండా ఒకరుంటారు. అందుకని మొదటిదాన్ని కష్టం మార్కు అనీ, రెండోదాన్ని శుభ్రం మార్కు అనీ పిలుచుకుందాం. రెండూ కూడి, జరిమానా తీసేస్తే వచ్చేదే తెర మీద కనిపించే అంకె.

పదికి పది అనే రోజులు పోయాయి. 1976 మాంట్రియల్‌లో 14 ఏళ్ల నాదియా కొమనేచికి 10 వచ్చినప్పుడు స్కోరు బోర్డులో ఆ అంకెకు చోటు లేక 1.00 అని చూపించింది. 2004 ఏథెన్స్‌లో కొరియా ఆటగాడు యాంగ్ తే-యంగ్ ప్యారలల్ బార్స్ విన్యాసం విలువను జడ్జిలు 10కి బదులు 9.9గా లెక్కపెట్టారు. ఆ 0.1 కలిస్తే స్వర్ణం అతనిదే, కానీ కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. ఆ గొడవ తర్వాత 2006 నుంచి కష్టాన్నీ శుభ్రాన్నీ విడదీశారు. కష్టానికి ఇప్పుడు పైహద్దు లేదు.

3. కష్టం మార్కు ఎలా కూడాలి

ప్రతి విన్యాసానికీ ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే 0.1, బీ అంటే 0.2, సీ అంటే 0.3, ఇలా పైకి. ఎన్ని చేసినా లెక్కలోకి వచ్చేవి బాగా విలువైన ఎనిమిదే. వీటికి తోడు ఆడవాళ్ల పోటీలో తప్పనిసరి అంశాలు నాలుగుంటాయి. ఒక్కోదానికి 0.5 చొప్పున మొత్తం 2.0. రెండు కష్టమైనవాటిని ఆగకుండా కలిపితే 0.1 గానీ 0.2 గానీ అదనం.

ఒక ఫ్లోర్ విన్యాసం ఊహించుకోండి. అందులో 'ఈ' అక్షరంది ఒకటి, 'డీ'వి రెండు, 'సీ'వి మూడు, 'బీ'వి రెండు ఉన్నాయి. 0.5 + 0.8 + 0.9 + 0.4 = 2.6. తప్పనిసరి అంశాలకు 2.0, కలిపినందుకు 0.2. కష్టం మార్కు 4.8.

ఎనిమిదీ గుర్తుపట్టడం మొదట్లో అసాధ్యం, దానికి బెంగపడకండి. తెర మీద డీ అంకె వేస్తారు, అది రాసుకోండి. మీరు నేర్చుకోవాల్సింది మూడు ఆకారాలు: మోకాళ్లు ముడిస్తే టక్, కాళ్లు చాపి నడుం దగ్గర వంగితే పైక్, ఒళ్లంతా నిటారుగా ఉంటే లేఅవుట్. ఒకే పల్టీ ఈ వరసలో కష్టమవుతూ పోతుంది. తర్వాత ట్విస్టులు, అంటే గాలిలో ఒళ్లు బొంగరంలా తిరగడాలు, లెక్కపెట్టడం. మొహం ఎన్నిసార్లు కెమెరా వైపు వచ్చిందో చూడకండి, మోసపోతారు. ఛాతీ మీది దేశం గుర్తును పట్టుకుని లెక్కపెట్టండి. స్లో మోషన్ వేసినప్పుడే సరిచూసుకోండి.

వాల్ట్ ఒక్కటే సులువు. ప్రతి వాల్ట్‌కూ ముందే విలువ రాసిపెట్టి ఉంటుంది. ఏది చేయబోతున్నారో పరుగుకు ముందే నంబరు చూపిస్తారు.

4. శుభ్రం మార్కు: 10 నుంచి కిందికి

పని అంతా ఇక్కడే. అందరూ 10తో మొదలవుతారు. కోతలు నాలుగు రకాలు:

0.1: చిన్న గెంతు, కాలి వేళ్లు సాగకపోవడం, మోకాలు కాస్త వంగడం.
0.3: దిగాక పెద్ద అడుగు, చేయి మ్యాట్‌కు రాసుకోవడం, గాలిలో కాళ్లు బాగా విడిపోవడం.
0.5: గొంతు కూర్చున్నంత లోతుగా దిగడం, మోకాళ్లు మరీ వంగిపోవడం.
1.0: పడటం. చేతుల మీద భారం వేసి ఆగినా పడినట్టే.

మొదటి రోజు అన్నీ పట్టుకోవాలని చూడకండి. ల్యాండింగ్‌లు మాత్రమే రాయండి. రెండో రోజు మోకాళ్లు, మూడో రోజు బార్ల మీద చేతులపై నిలబడినప్పుడు ఒళ్లు నిటారుగా ఉందా లేదా అన్నది. మీ శుభ్రం మార్కు జడ్జిలు ఇచ్చినదాని కన్నా ఎక్కువే వస్తుంటుంది. వాళ్లు పక్క నుంచి చూస్తారు, మనకు కెమెరా చూపించిందే కనిపిస్తుంది మరి. బీమ్ మీదా బార్ల మీదా పడకుండా చేసినా 8 దగ్గర ఆగడం మామూలే. అమ్మాయి బాగా చేసినా జడ్జిలు కక్ష కట్టారని ఇంట్లో అలగాల్సిన పని లేదు.

పడితే పోయేది 1.0 అనుకుంటారు, ఎక్కువే పోతుంది. పాదాల మీద దిగకుండానే పడితే ఆ విన్యాసం విలువ రాదు. దానితో కలిపి చేయాల్సింది కలవదు, అదనపు మార్కూ పోతుంది. అది తప్పనిసరి అంశమైతే ఆ 0.5 కూడా పోయే ప్రమాదముంది. అందుకే పడినవాళ్లు లేచాక మధ్యలో ఏదో కొత్తది చేర్చడం కనిపిస్తుంది, పోయినదాన్ని పూడ్చుకునే ప్రయత్నం అది. బీమ్ మీద నుంచి పడితే తిరిగి ఎక్కడానికి 10 సెకన్లు, ఆడవాళ్ల బార్ల మీద 30 సెకన్లు. ఫోన్లో టైమర్ పెట్టుకుంటే మీరే చెప్పేయొచ్చు. వాల్ట్‌లో పాదాలు ముందుగా మ్యాట్‌ను తాకకపోతే మొత్తానికే సున్నా.

జరిమానాలు విడిగా రాయండి. ఫ్లోర్ గీత ఒక కాలు దాటితే 0.1, రెండూ దాటితే 0.3. ఆడవాళ్ల ఫ్లోర్, బీమ్ 90 సెకన్లు దాటితే 0.1. జడ్జికి చేయెత్తి చూపించడం మరిచిపోయినా 0.3 పోతుంది.

5. చివరి మూడు అంకెలతో మీ లెక్క సరిచూసుకోండి

స్కోర్లు .033, .066, .100, .133, .166 ఇలా ముగుస్తాయని గమనించారా? పెద్ద పోటీల్లో శుభ్రం మార్కు ఏడుగురు జడ్జిలు వేస్తారు. రెండు ఎక్కువవి, రెండు తక్కువవి తీసేసి మధ్యలో మిగిలిన మూడింటి సగటు తీస్తారు. ముగ్గురిలో ఒక్కరు ఒక పదో వంతు తక్కువ వేస్తే 0.033 తేడా వస్తుంది. మిగిలిన దశాంశాలను పైకి సవరించకుండా కోసేస్తారు. 26.6ను 3తో భాగిస్తే 8.8666 కదా, బోర్డు మీద 8.866 అనే పడుతుంది. మీ లెక్కలో 8.867 వస్తే తప్పు మీదే.

రెండు వాల్ట్‌ల సగటు తీసినప్పుడు మాత్రం .049, .016 లాంటివీ వస్తాయి, కంగారు పడకండి.

6. ఏ రోజు ఏ పోటీయో తెలుసుకోండి

ఒలింపిక్స్‌లో మొదట క్వాలిఫికేషన్. ఆ ఒక్క పోటీ నుంచే మూడు రకాల ఫైనల్స్‌కూ జనాన్ని తీస్తారు: టీమ్‌కు 8 దేశాలు, ఆల్ అరౌండ్‌కు 24 మంది, ఒక్కో పరికరానికి 8 మంది. క్వాలిఫికేషన్ మార్కులు ఫైనల్‌కు రావు, అందరూ సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే. వ్యక్తిగత ఫైనల్స్‌లో దేశానికి ఇద్దరే. 2011లో ప్రపంచ చాంపియన్ అయిన అమెరికా అమ్మాయి జోర్డిన్ వీబర్ 2012 లండన్‌లో క్వాలిఫికేషన్‌లో నాలుగో స్థానంలో ఉండి కూడా ఆల్ అరౌండ్ ఫైనల్‌కు పోలేదు. ముందున్న ముగ్గురిలో ఇద్దరు ఆమె దేశం వాళ్లే. అన్యాయమే, కానీ ఆ నియమం లేకపోతే ఫైనల్లో నాలుగైదు జెండాలే కనిపిస్తాయి.

టీమ్ ఫైనల్ చూసేటప్పుడు గుండె దిటవు చేసుకోండి. ఒక్కో పరికరం మీద ముగ్గురు ఎక్కుతారు, ముగ్గురి మార్కులూ లెక్కే. తీసేయడానికి ఏదీ మిగలదు, కాబట్టి ఒకరు పడితే ఆ 1.0 అందరి నెత్తినా పడుతుంది. క్వాలిఫికేషన్‌లో నలుగురు చేస్తే ముగ్గురివే తీసుకుంటారు. ఆ సౌకర్యం ఇక్కడ లేదు.

7. ఇప్పుడు మన దేశం లెక్క తీయండి

ఇంతదాకా నేర్చుకున్నది పనికొచ్చేది ఇక్కడే. భారత మగ జిమ్నాస్ట్‌లు ఒలింపిక్స్‌కు వెళ్లింది మూడుసార్లు: 1952లో ఇద్దరు, 1956లో ముగ్గురు, 1964లో ఆరుగురు. ఆ తర్వాత 52 ఏళ్లు మన జిమ్నాస్ట్ ఒక్కరూ లేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో అలహాబాద్ కుర్రాడు ఆశిష్ కుమార్ వాల్ట్‌లో రజతం, ఫ్లోర్‌లో కాంస్యం తెచ్చాడు. అదే ఏడాది గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఫ్లోర్ కాంస్యం కూడా. 2014 గ్లాస్గో కామన్వెల్త్‌లో అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్‌కు వాల్ట్ కాంస్యం. 2018 మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో మన హైదరాబాదీ బుద్దా అరుణా రెడ్డికి వాల్ట్ కాంస్యం, 13.649. ప్రపంచ కప్‌లో భారతీయులకు అదే మొదటి వ్యక్తిగత పతకం. రజతానికి ఆమెకు తేడా 0.050. 2019 ఆసియా చాంపియన్‌షిప్‌లో ప్రణతి నాయక్‌కు వాల్ట్ కాంస్యం, ఆ తర్వాత ఆమె టోక్యో ఒలింపిక్స్‌కూ వెళ్లింది.

ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోంది చూశారా: వాల్ట్. బీమ్‌కో బార్లకో ఎనిమిది విన్యాసాలు, వాటి మధ్య కలుపుళ్లు, తప్పనిసరి అంశాలు, ఇవన్నీ ఏళ్ల తరబడి రోజూ అసలు పరికరం మీదే పండించాలి. వాల్ట్‌కు పరుగు, స్ప్రింగ్‌బోర్డు, బల్ల, ఒక పల్టీ. బలమైన కాళ్లు, భయం లేని మనసు ఉంటే అరకొర సౌకర్యాలతోనూ కొంత దూరం వెళ్లొచ్చు. దీపా కోచ్ బిశ్వేశ్వర్ నంది మొదట్లో పాత స్కూటర్ విడిభాగాలతో సామగ్రి తయారుచేయించి సాధన చేయించాడు. అన్‌ఈవెన్ బార్లను అలా చేయించుకోలేం. మన పతకాల పట్టికను ఆటగాళ్ల ఇష్టాయిష్టాల కన్నా సామగ్రి ఎక్కువ నిర్ణయించింది. ఇక్కడ పిల్లల్ని క్లాసులో చేర్చేవాళ్లు కూడా ఇదే చూసుకోవాలి: రెండు ఎత్తుల బార్లు ఉన్నాయా, పూర్తి ఎత్తు బీమ్ ఉందా, దూకడానికి ఫోమ్ గుంత ఉందా. మ్యాట్లూ అద్దాలూ మాత్రమే ఉన్న చోట పిల్లలకు ఒళ్లు వంగడం వస్తుంది, అది మంచిదే, కానీ దాన్ని పోటీ శిక్షణ అనుకోకండి.

ఇప్పుడు 2016 రియో వాల్ట్ ఫైనల్ వీడియో తీసి, మూడు గళ్ల పేజీ పక్కన పెట్టుకోండి. దీపా మొదటి వాల్ట్: కష్టం 6.0, శుభ్రం 8.866, మొత్తం 14.866. రెండోది ప్రొడునోవా: బల్ల మీద చేతులు ఆన్చి లేచి, ముందుకు రెండు పల్టీలు. కష్టం 7.0. దిగేటప్పుడు కూలబడినంత లోతుగా దిగింది, శుభ్రం 8.266, మొత్తం 15.266. రెండింటి సగటు 15.066. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ అమ్మాయి జూలియా స్టైన్‌గ్రూబర్‌ది 15.216. తేడా 0.150, దీపాకు నాలుగో స్థానం.

ఇది సగటులో తేడా. రెండు వాల్ట్‌లూ కలిపి చూస్తే 0.300. పైన రాసుకున్న కోతల పట్టికలో 0.3 అంటే ఏమిటో చూడండి, ఒక్క పెద్ద అడుగు. నాలుగో స్థానం అనగానే "అదృష్టం లేదు" అనేస్తాం గానీ, వీడియో ఆపి ఆపి చూస్తే ఆ 0.3 ఎక్కడెక్కడ పోయిందో వేలు పెట్టి చూపించొచ్చు. ప్రొడునోవాలో రెండో పల్టీ పూర్తయ్యేసరికి నేల అప్పటికే వచ్చేస్తుంది, ఒళ్లు విప్పే వ్యవధి ఉండదు. 7.0 విలువ ఇచ్చింది అందుకే, శుభ్రంలో కోత పడిందీ అందుకే.

ఒక పొరపాటు చేయకండి. 2024 మే నెలలో తాష్కెంట్ ఆసియా చాంపియన్‌షిప్‌లో దీపా వాల్ట్ స్వర్ణం గెలిచింది, స్కోరు 13.566. రియోలో 15 దాటి నాలుగోది, ఇక్కడ 13తో స్వర్ణం ఏమిటని అడుగుతారు. కోడ్, అంటే మార్కుల నియమాల పుస్తకం, ఒలింపిక్స్ ఒలింపిక్స్‌కూ మారుతుంది. ప్రొడునోవా విలువే 7.0 నుంచి 6.4కు, ఆపైన 6.0కు తగ్గింది, మిగతా వాల్ట్‌లవీ తగ్గాయి. వేర్వేరు కోడ్‌ల నాటి స్కోర్లను పక్కపక్కన పెట్టడమంటే పాత రూపాయిని కొత్త రూపాయితో కొలవడమే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ స్వర్ణం గెలిచినా ఆమెకు ప్యారిస్ టికెట్ రాలేదు. ఆ పోటీలో ఒలింపిక్ చోటు ఇచ్చింది ఆల్ అరౌండ్ లెక్క మీద. వాల్ట్ ఒక్కటే నమ్ముకున్న దేశానికి ఆ తలుపు మూసుకుపోయింది. ప్యారిస్‌లో మన జిమ్నాస్ట్ ఒక్కరూ లేరు. అదే ఏడాది అక్టోబరులో దీపా ఆట వదిలేసింది.

8. స్కోరు పడగానే పెన్సిలు కింద పెట్టకండి

కోచ్ స్కోరును ప్రశ్నించొచ్చు. ప్రశ్నించగలిగేది కష్టం మార్కునే, శుభ్రం మార్కును కాదు. తర్వాతి ఆటగాడి స్కోరు పడేలోపు అడగాలి, చివరి ఆటగాడికైతే ఒక్క నిమిషమే గడువు. రుసుము కూడా కట్టాలి. 2024 ప్యారిస్ ఫ్లోర్ ఫైనల్లో చివర చేసిన అమెరికా అమ్మాయి జోర్డన్ చైల్స్‌కు ముందు 13.666 వచ్చింది. కోచ్ అడిగితే 0.1 కలిసి 13.766 అయింది, కాంస్యం మెడలో పడింది. అడిగింది నిమిషం దాటి 4 సెకన్లకని క్రీడా న్యాయస్థానం తేల్చడంతో కాంస్యం రొమేనియా అమ్మాయి అనా బర్బోసుకు పోయింది. వ్యవహారం ఆ తర్వాత స్విస్ కోర్టు దాకా వెళ్లింది. బర్బోసుకూ, ఆమె దేశానికే చెందిన సబ్రీనా వోయినియాకూ సమానంగా 13.700 వచ్చాయి. సమానమైతే శుభ్రం మార్కు ఎక్కువున్నవాళ్లే ముందు, అలా బర్బోసు పైనుంది. వోయినియాకు గీత దాటిందని 0.1 జరిమానా పడింది.

తెర మీద స్కోరు పక్కన విచారణ గుర్తు కనిపిస్తే ఆ వరసను పెన్సిలుతోనే ఉంచండి, పెన్నుతో దిద్దకండి.

9. లాస్ ఏంజెలిస్‌కు అలారం

2028 ఒలింపిక్స్ జులై 14 నుంచి 30 వరకు లాస్ ఏంజెలిస్‌లో. వేసవిలో ఆ ఊరు మన కన్నా పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ సాయంత్రం 5:30కు మొదలయ్యేది మనకు మర్నాడు ఉదయం 6:00కు వస్తుంది, అంటే స్కూలు బస్సు వేళకు. కార్యక్రమంలో తేదీ చూసేటప్పుడు ఒక రోజు కలుపుకోవడం మరిచిపోకండి, లేకపోతే ఫైనల్ అయిపోయాక టీవీ పెడతారు. నోటుపుస్తకంలో పేజీకి 8 వరసలు, వరసకు మూడు గళ్లు ముందు రోజు రాత్రే గీసి ఉంచుకోండి. వాల్ట్ ఫైనల్ పేజీకి మాత్రం ఒక్కొక్కరికి రెండేసి వరసలు కావాలి, 16 గీయండి.